పీయూష గ్రంథికి పట్టాభిషేకం: ఒక ఉపమానంపై విమర్శ

వినాళ గ్రంథులను గురించిన పాఠాలలో ఒక వాక్యం తరచుగా ఎదురవుతుంది. మెదడు అడుగున బఠాణీ గింజంత పీయూష గ్రంథి ఉన్నదనీ, తక్కిన గ్రంథులన్నిటినీ శాసించే నాయక గ్రంథి అదేననీ ఆ వాక్యం చెబుతుంది. పక్కనే ఒక మనిషి బొమ్మ ఉంటుంది. తలలో ఒక చుక్క, దానినుంచి బయలుదేరి మెడలోని అవటు గ్రంథికి, మూత్రపిండాలపై ఉన్న అధివృక్క గ్రంథులకు, బీజకోశాలకు దిగే బాణాలు. బాణాలన్నీ పైనుంచి కిందికే. విద్యార్థి వాక్యాన్ని కంఠస్థం చేస్తాడు, బొమ్మను గీస్తాడు, మార్కులు తెచ్చుకుంటాడు. ఇరవై ఏళ్ళ తరువాత తన ఇంట్లోనే ఎవరికో రక్తపరీక్ష కాగితం వచ్చినప్పుడు దానిని తలక్రిందులుగా చదువుతాడు. ఆ తప్పు అతనిది కాదు, ఆ బొమ్మది.

శాస్త్ర బోధనకు ఉపమానం అవసరమే. కంటికి కనిపించని విషయాన్ని కనిపించే దానితో పోల్చక తప్పదు. అయితే ఉపమానం ఒక్కొక్కప్పుడు విషయాన్ని మోసుకొనివచ్చి తాను తప్పుకోదు, సింహాసనం వేసుకొని కూర్చుంటుంది. పీయూష గ్రంథి విషయంలో జరిగింది అదే.

దీనికి కిరీటం ఊరకే రాలేదన్నది న్యాయంగా ముందు చెప్పాలి. శరీరంలో ఒక చోట పుట్టిన రసాయన ద్రవ్యం రక్తంలో కలిసి దూరపు అవయవాన్ని పనికి పురికొల్పుతుందని 1902 లో లండనులో బేలిస్, స్టార్లింగ్ అనే శాస్త్రజ్ఞులు నిరూపించారు. వారు చూచినది సెక్రెటిన్. చిన్నప్రేగు గోడలో పుట్టి, క్లోమాన్ని రసం స్రవించేటట్లు చేసే పదార్థం అది. ఇటువంటి ద్రవ్యాలకు స్టార్లింగ్ 1905 లో హార్మోనులని పేరు పెట్టాడు. పురికొల్పుట అనే అర్థంగల గ్రీకు ధాతువునుంచి ఆ మాట వచ్చింది. మొట్టమొదట హార్మోను అనిపించుకున్న ద్రవ్యం పీయూష గ్రంథిది కాదని పాఠకుడు గమనించాలి. ఆ గ్రంథికి వైభవం ఆ తరువాత వచ్చింది. 1920 లలో అమెరికాలో ఫిలిప్ స్మిత్ ఎలుకల మెదడుకు హాని కలగకుండా పీయూష గ్రంథిని మాత్రమే తొలగించే పద్ధతిని సాధించాడు. అది తీసిన ఎలుకలలో ఎదుగుదల ఆగిపోయింది. అవటు గ్రంథి, అధివృక్క గ్రంథుల వల్కలం, బీజకోశాలు కృశించాయి. అంత చిన్న ముద్ద ఒకటి లేకపోయేసరికి ఇన్ని గ్రంథులు వాడిపోతే, చూచినవారు దానిని రాజు అనకుండా ఎట్లా ఉంటారు?

పేరు విషయంలోనూ మనవారు దానికి గొప్ప మర్యాద చేశారు. ఇంగ్లీషు పేరు పిట్యూటరీకి మూలమైన లాటిన్ మాటకు శ్లేష్మం అని అర్థం. మెదడునుంచి చీమిడి ఈ ముద్ద గుండానే ముక్కులోకి దిగుతుందని పూర్వపు ఐరోపా వైద్యులు నమ్మారు. సంస్కృతం దానిని పీయూషం చేసింది. పీయూషమంటే అమృతం, ఈనిన ఆవు ఇచ్చే జున్నుపాలు కూడ. స్తన్యాన్ని ఉత్పత్తి చేయించే ప్రొలాక్టిన్ ఈ గ్రంథినుంచే వస్తుంది కనుక ఆ పేరు ఎంచినవారు అనుకోని అదృష్టవంతులు.

రాజుకు పైన మరొకరున్నారని తేలడానికి ఆట్టే కాలం పట్టలేదు. ఇంగ్లండులో జెఫ్రీ హారిస్, డోరా జాకబ్‌సన్‌తో కలిసి ఒక చక్కని ప్రయోగం చేసి 1952 లో ప్రకటించాడు. పీయూష గ్రంథిని తీసివేసిన ఆడ ఎలుకలలో కొన్నింటికి వేరొక ఎలుక గ్రంథిని తెచ్చి యథాస్థానంలో, అంటే మెదడులోని అధోపర్యంకం కింద, అతికారు. మరికొన్నింటికి మెదడులోనే పక్కగా వేరొకచోట అతికారు. రెండు చోట్లా గ్రంథికి రక్తం అందింది. కాని అధోపర్యంకం కిందిది మాత్రమే పనిచేసింది. పక్కన అతికినది బ్రతికి ఉండీ మూగదైపోయింది. రెండు చోట్ల మధ్య ఉన్న తేడా ఒక సన్నని రక్తనాళాల గుత్తి. అధోపర్యంకంలో పుట్టిన ద్రవ్యాలను ఆ నాళాలే నేరుగా పీయూష గ్రంథికి మోసుకొనివస్తాయి. ఆ ద్రవ్యాలను పట్టుకోవడానికి అమెరికాలో గియ్యిమె, షాలీ అనే ఇద్దరు పోటీపడి పనిచేశారు. ఒకరు గొర్రెల మెదళ్ళు, మరొకరు పందుల మెదళ్ళు లక్షల సంఖ్యలో సేకరించి, 1969 నాటికి అవటు ప్రేరక హార్మోనును విడుదల చేయించే ద్రవ్యపు నిర్మాణాన్ని తేల్చారు. 1977 లో వారికి నోబెల్ బహుమానం వచ్చింది. రక్తంలో హార్మోనులను అత్యల్ప ప్రమాణంలో కూడ కొలిచే విధానాన్ని కనిపెట్టిన రోసలిన్ యాలో ఆ ఏడు బహుమానంలో మిగిలిన సగం పొందింది. నేటి రక్తపరీక్షలకు ఆమె పద్ధతి పునాది.

ఇంత జరిగిన తరువాత పాఠాలు ఏం చేశాయి? రాజును దింపలేదు. అధోపర్యంకాన్ని చక్రవర్తిని చేసి, పీయూష గ్రంథిని సామంతుడిగా నిలబెట్టి, బొమ్మలో పైన ఇంకొక బాణం గీశాయి. తప్పును దిద్దవలసిన చోట మరొక అంతస్తు కట్టినట్లయింది.

తప్పు ఎక్కడ ఉన్నది? రాజు ఎవరైనా రాజు ఆజ్ఞ ఇస్తాడు, బంటు నెరవేరుస్తాడు. బంటు మాట రాజు వినడు. కాని గ్రంథుల మధ్య జరిగేదంతా వినడంలోనే ఉన్నది. పీయూష గ్రంథి స్రవించే అవటు ప్రేరక హార్మోను (దీనినే పరీక్ష కాగితాలమీద టి.ఎస్.హెచ్. అంటారు) అవటు గ్రంథిని థైరాక్సిన్ స్రవించమని ప్రేరేపిస్తుంది. స్రవించిన థైరాక్సిన్ రక్తంలో తిరిగి పీయూష గ్రంథినీ అధోపర్యంకాన్నీ చేరి, ఇక చాలునని చెబుతుంది. థైరాక్సిన్ పెరిగితే టి.ఎస్.హెచ్. తగ్గుతుంది, థైరాక్సిన్ తగ్గితే టి.ఎస్.హెచ్. పెరుగుతుంది. ఈ తిరుగుకబురు లేకపోతే నియంత్రణ అన్నదే లేదు. కబురు పైకి వెళ్ళే బాణమే ఈ కథలో ముఖ్యం. పాఠాల బొమ్మలో లేనిది అదే.

పరిభాషకూ ఇందులో కొంత పాలు ఉన్నది. ఈ తిరుగుకబురును కొన్ని తెలుగు పాఠాలు పునశ్చరణ అన్నాయి. పునశ్చరణమంటే చేసినదే మళ్ళీ చేయడం. విద్యార్థులు పాఠాన్ని పునశ్చరణ చేస్తారు. ఇక్కడ జరిగేది దానికి సరిగ్గా వ్యతిరేకం. చేసిన పని ఫలితం వెనుకకు వచ్చి ఆ పనిని ఆపుతున్నది. ఆ మాటకు రుణాత్మక అనే విశేషణం తగిలించినంత మాత్రాన పాఠకుడికి దారి తెలియదు. ఫీడ్‌బాక్ అన్న ఇంగ్లీషు మాటనే తెలుగు లిపిలో రాసినా ఇంతకంటె నష్టం తక్కువ.

ఉపమానమే కావలిస్తే తెలుగు పల్లెలో దొరుకుతుంది. చెరువు కింది పొలాలకు నీరు వదిలే మనిషిని తెలంగాణలో నీరటి అంటారు, రాయలసీమలో నీరుగంటి అంటారు. మళ్ళు తడిస్తే తూము బిగిస్తాడు, ఎండితే తీస్తాడు. అతని చెయ్యి తూముమీద, కన్ను పొలంమీద ఉంటుంది. అతను లేకపోతే పొలాలు ఎండుతాయి గదా అని అతణ్ణి ఎవరూ ఊరికి రాజు అనరు. పీయూష గ్రంథి పని ఇంచుమించు ఇటువంటిది. ఈ పోలికకూ హద్దు ఉన్నది. నీరటి పొలాన్నే చూస్తాడు. పీయూష గ్రంథి కాలువలోని నీటిని, అంటే రక్తంలోని హార్మోనును మాత్రమే చూస్తుంది. కాలి కండరానికి, గుండెకు ఎంత అందిందో దానికి నేరుగా తెలియదు.

బొమ్మలోని ఒక బాణం కోసం ఇంత రాద్ధాంతం ఎందుకని అనిపించవచ్చు. ఒక గృహిణి పరీక్ష కాగితంమీద టి.ఎస్.హెచ్. 18 అని ఉన్నదనుకుందాం. పక్కన మామూలు ప్రమాణం 0.4 నుంచి 4 వరకు అని అచ్చయి ఉంటుంది. అంకె ఎక్కువ కనుక థైరాయిడ్ ఎక్కువైందని ఇంట్లో నిశ్చయిస్తారు. ఎక్కువైనదానికి వైద్యుడు మళ్ళీ థైరాయిడ్ మాత్రలే ఇచ్చాడేమని అనుమానిస్తారు, మాత్రలు ఆపుతారు. రాజు బొమ్మ ప్రకారం వారి తర్కం సరైనదే. ఆజ్ఞలు ఎక్కువగా వెళ్తున్నాయంటే పని ఎక్కువ జరుగుతున్నట్లే గదా! నీరటిని తలచుకుంటే సంగతి వేరుగా కనిపిస్తుంది. తూము పూర్తిగా ఎత్తి ఉన్నదంటే పొలం ఎండిపోయిందన్నమాట. ఆ 18 ఆమె అవటు గ్రంథి చాలినంత స్రవించడం లేదని చెప్పే అంకె. ఆమె గర్భవతి అయితే పొరపాటు ఒక్కరితో పోదు. మొదటి నెలల్లో కడుపులోని బిడ్డ మెదడు పెరుగుదలకు కావలసిన థైరాక్సిన్ తల్లినుంచే రావాలి.

దీనికి ఎదురు పొరపాటూ ఉన్నది. మాత్రల మోతాదు మించి టి.ఎస్.హెచ్. 0.1 కి దిగిపోతే, తక్కువైందని మరొక మాత్ర కలుపుకునేవారున్నారు. వయసు మళ్ళినవారిలో దానివల్ల గుండె లయ తప్పుతుంది, ఎముకలు పెళుసుబారుతాయి. మోతాదు మార్చిన వారం రోజులకే మళ్ళీ పరీక్ష చేయించి అంకె కదలలేదని బెంగపడేవారు ఇంకొక తెగ. థైరాక్సిన్ రక్తంలో సగానికి తగ్గడానికే దాదాపు వారం పడుతుంది. కొత్త మట్టం కుదిరి, పీయూష గ్రంథి దానికి సర్దుకోవడానికి ఆరు వారాలు కావాలి. తెలుగునాట “ఆమెకు థైరాయిడ్ ఉంది” అనే మాట వాడుకలో స్థిరపడిపోయింది. థైరాయిడ్ అందరికీ ఉన్నది. అది ఎక్కువ స్రవిస్తున్నదా, తక్కువ స్రవిస్తున్నదా అన్నదే ప్రశ్న. ఆ ప్రశ్నను ఈ వాడుకమాట మింగివేసింది.

గొంతువాపు వ్యాధిని చూస్తే తిరుగుకబురు బలం కంటికే కనిపిస్తుంది. థైరాక్సిన్ అణువులో నాలుగు అయొడిన్ పరమాణువులు ఉంటాయి. పెద్దవారికి రోజుకు 150 మైక్రోగ్రాముల అయొడిన్ చాలు, కాని అది రోజూ కావాలి. నేలలో, నీటిలో అయొడిన్ కొరవడిన చోట థైరాక్సిన్ తయారు కాదు. చాలునన్న కబురు పైకి పోదు. టి.ఎస్.హెచ్. పెరుగుతూనే ఉంటుంది. దాని ప్రేరణకు అవటు గ్రంథి కణాలు పెంచుకొని పెంచుకొని మెడలో ముద్దగా ఉబ్బుతుంది. గ్రంథి పెద్దదైంది కాబట్టి ఎక్కువ స్రవిస్తున్నదని పైచూపుకు తోస్తుంది. నిజానికి లేని సరుకుకోసం ఖాళీ కొట్టు గోడలు పెంచుకోవడమే అది. హిమాలయ పాదంలోని కాంగ్రా లోయలో ఈ విషయాన్ని 1956 నుంచి పెద్ద ఎత్తున పరీక్షించినవారిలో ముఖ్యుడు శ్రీకాకుళంలో పుట్టి విశాఖపట్నంలోని ఆంధ్ర వైద్య కళాశాలలో చదివిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి. లోయను మండలాలుగా విభజించి కొన్నింటికి అయొడిన్ కలిపిన ఉప్పు, ఒకదానికి మామూలు ఉప్పు పంచారు. అయొడిన్ ఉప్పు తిన్న మండలాల్లో గొంతువాపులు ఏళ్ళ తరబడి తగ్గుతూ వచ్చాయి. మామూలు ఉప్పు తిన్నచోట తగ్గలేదు. తరువాత అక్కడా అయొడిన్ ఉప్పు ఇచ్చారు. 1962 లో దేశంలో జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం మొదలైంది. నేడు వంటింటి ఉప్పు పొట్లంమీద అయొడిన్ పేరు ఉండడం వెనుక ఈ కథ ఉన్నది. దీనిని కేవలం లోపపోషణ పాఠంలో చెప్పి, గ్రంథుల పాఠంలో విడిచిపెట్టడం మన పుస్తకాల్లో ఒక వింత.

గ్రేవ్స్ వ్యాధి రాజు కథను మరీ చిక్కులో పెడుతుంది. ఇందులో అవటు గ్రంథి మితిమీరి స్రవిస్తుంది. మనిషి చిక్కిపోతాడు, గుండె దడదడలాడుతుంది, కొందరికి కళ్ళు ముందుకు పొడుచుకొని వస్తాయి. పీయూష గ్రంథి ఆజ్ఞలు ఎక్కువయ్యాయేమోనని పూర్వం అనుమానించారు. చూస్తే టి.ఎస్.హెచ్. దాదాపు శూన్యం. నీరటి తూము బిగించి కూర్చున్నా పొలం మునిగిపోతున్నది! 1956 లో న్యూజిలాండులో ఆడమ్స్, పర్వ్స్ ఈ రోగుల రక్తంలో అవటు గ్రంథిని ప్రేరేపించే మరొక పదార్థం ఉన్నదని చూపారు. అది రోగి శరీరమే పొరపాటున తయారుచేసుకున్న ప్రతిరక్షకం అని తరువాత తేలింది. టి.ఎస్.హెచ్. పట్టుకోవలసిన తలుపుగడియనే అది పట్టుకుంటుంది. చాలునన్న కబురు దానికి వినిపించదు. ఆజ్ఞ ఇచ్చినవాడు రాజూ కాదు, రాజు బంధువూ కాదు.

అధివృక్క గ్రంథుల దగ్గర ఈ అజ్ఞానం ప్రాణాంతకం కూడ కావచ్చు. 1949 లో కార్టిసోన్ కీళ్ళవాతపు రోగులను లేపి నడిపించిందని ప్రకటించినప్పుడు లోకం విస్తుపోయింది. మరుసటి ఏడే కెండాల్, రైక్‌స్టైన్, హెంచ్ నోబెల్ బహుమానం పొందారు. ఆ జాతి మందులే నేటి ప్రెడ్నిసొలోన్ వంటి స్టిరాయిడ్లు. ఉబ్బసానికి, కీళ్ళకు, చర్మవ్యాధులకు అవి ఎందరినో కాపాడుతున్నాయి. మాత్రను వారాల తరబడి మింగితే పీయూష గ్రంథికి రక్తంలో కార్టిసోల్ జాతి ద్రవ్యం పుష్కలంగా కనిపిస్తుంది. అది సొంత గ్రంథినుంచి వచ్చిందా, సీసానుంచి వచ్చిందా అన్నది దానికి తెలియదు. తూము బిగిస్తుంది. ప్రేరణ అందని అధివృక్క వల్కలం సన్నబడుతుంది. ఆ స్థితిలో మాత్ర ఒక్కసారిగా ఆపితే బయటి సరఫరా పోయింది, లోపలిది ఇంకా మేల్కొనలేదు. జ్వరమో, దెబ్బో, శస్త్రచికిత్సో ఎదురైతే రక్తపీడనం పడిపోయి మనిషి కుప్పకూలవచ్చు. వైద్యులు మోతాదును మెట్లుమెట్లుగా తగ్గించేది లోపలి గ్రంథికి మేలుకొనే వ్యవధి ఇవ్వడానికే. నొప్పులకని పేరు చెప్పకుండా కట్టి ఇచ్చే పొట్లాలు వాడేవారికి తాము మింగుతున్నది స్టిరాయిడ్ అన్న సంగతే తెలియదు. నొప్పి తగ్గిందని ఒకనాడు మానేస్తారు. వారికి పనికివచ్చే పాఠం కిందికి దిగే బాణం గీసిన బొమ్మలో లేదు.

ఇక రాజ్యం విస్తీర్ణం సంగతి. గ్రంథులన్నిటినీ శాసిస్తుందన్న మాట సరిహద్దుల దగ్గరే వీగిపోతుంది. అవటు గ్రంథి వెనుక బియ్యపు గింజలంత పార్శ్వావటు గ్రంథులు సాధారణంగా నాలుగు ఉంటాయి. రక్తంలో కాల్షియం తగ్గితే అవి తామే కనిపెట్టి, ఎముకలనుంచి, మూత్రపిండాలనుంచి దానిని రప్పిస్తాయి. ఎవరి ఆజ్ఞా వాటికి అక్కరలేదు. పీయూష గ్రంథి లేకపోతే అవి కృశించవు. వాటినే తొలగిస్తే కండరాలు కొంకర్లుపోయి ప్రాణంమీదికి వస్తుంది. క్లోమంలోని బీటా కణాలూ ఇటువంటివే. రక్తంలోని గ్లూకోజును తామే కొలిచి ఇన్సులిన్ వదులుతాయి. అధివృక్క వల్కలంలోనే ఆల్డోస్టిరోన్ స్రవించే పైపొర ప్రధానంగా మూత్రపిండాల రెనిన్ మాట, రక్తంలోని పొటాషియం మాట వింటుంది. 1981 లో గుండె, 1994 లో కొవ్వు కూడ హార్మోనులను స్రవిస్తాయని తేలిన తరువాత వినాళ గ్రంథుల పట్టికకే గట్లు తెగాయి. ఇన్ని స్వతంత్ర సంస్థానాలున్న చోట ఒకరిని అధినేత అనడం ధైర్యమే.

ఇన్సులిన్ విషయంలో మరొక మాట. మధుమేహమంటే ఇన్సులిన్ లోపమని ఒక్క ముక్కలో చెప్పే అలవాటు కూడ ఈ ఆజ్ఞాపాలన బొమ్మకు తోబుట్టువే. రెండవ రకపు మధుమేహంలో తొలిదశలో ఇన్సులిన్ మామూలుకంటె ఎక్కువే ఉండవచ్చు. కాలేయం, కండరం, కొవ్వు దాని మాటను మందంగా వింటాయి. బీటా కణాలు గొంతు పెంచుతాయి, కొన్నేళ్ళకు అలసిపోతాయి. ఎంత పలికారన్నదే కాక ఎంత వినబడిందన్నది కూడ హార్మోను వ్యవస్థలో సగం కథ.

వినడంలోని మరో విశేషాన్ని 1978 లో అమెరికాలో నోబిల్ బృందం కోతులలో చూపింది. అధోపర్యంకం పని పోగొట్టిన కోతులకు బీజకోశ ప్రేరకాలను విడుదల చేయించే హార్మోనును గంటకొకసారి కొద్దికొద్దిగా ఇస్తే పీయూష గ్రంథి చక్కగా స్పందించింది. అదే హార్మోనును ఎడతెరిపి లేకుండా ధారగా ఇస్తే స్రావం పడిపోయింది. ఎక్కువ ఆజ్ఞలకు ఎక్కువ విధేయత అన్న లెక్క ఇక్కడ తప్పింది. ఈ వింతనే వైద్యం ఉపయోగించుకుంటున్నది. ల్యూప్రోలైడ్ వంటి మందులను నిరంతరం అందేటట్లు ఇచ్చి, ప్రొస్టేటు కాన్సరులో పురుష హార్మోనును అణచివేస్తారు. ప్రేరేపించే మందుతోనే నోరు మూయించడం!

ఇంత చెప్పినా, పీయూష గ్రంథి నిజంగా పోయిన చోట ఏం జరుగుతుందో చూడకుండా దానికి అన్యాయం చేయకూడదు. ప్రసవంలో విపరీతంగా రక్తం పోతే, గర్భకాలంలో పెరిగి పెద్దదై ఉన్న ఈ గ్రంథికి రక్తం అందక కణాలు చనిపోవచ్చు. 1937 లో ఇంగ్లండులో షీహాన్ దీనిని విపులంగా వర్ణించాడు. మొదటి గుర్తు, బిడ్డకు పాలు పడకపోవడం. తరువాత ముట్టు తిరిగి రాదు. నీరసం, చలికి తాళలేకపోవడం, తక్కువ రక్తపీడనం ఏళ్ళ తరబడి సాగుతాయి. బాలింత బలహీనత అనుకొని ఇంటివారు టానిక్కులు పోస్తారు. ఇటువంటి స్త్రీకి టి.ఎస్.హెచ్. ఒక్కటే పరీక్షిస్తే మామూలుగానే కనిపించవచ్చు. పొలం ఎండుతున్నా తూము ఎత్తే చెయ్యి లేదు మరి! థైరాక్సిన్‌ను కూడ కొలిస్తేనే లోపం బయటపడుతుంది. బయటపడ్డ తరువాత కూడ థైరాక్సిన్ మాత్ర ముందుగా ఇవ్వరాదు. అది శరీరంలో కార్టిసోల్ ఖర్చును పెంచుతుంది. ఆ కార్టిసోల్ ఈమెకు ముందే కొరవడింది. అందుచేత మొదట కార్టిసోల్ లోటు తీర్చి, ఆ తరువాతనే థైరాక్సిన్ మొదలుపెడతారు. ఆ తరువాత మోతాదు సరిపోయిందో లేదో చూడడానికి టి.ఎస్.హెచ్. అంకెను నమ్మరు, రక్తంలోని థైరాక్సిన్‌నే కొలుస్తారు.